నల్ల ట్యాంకుకు పెట్టిన దీర్ఘం

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ మూడేళ్ళలో నాకు గట్టిగా వచ్చిన విద్య ఒక్కటే, దీర్ఘం. మా పంతులు గుణింతం చెప్పేటప్పుడు దీర్ఘం మరిచినవాళ్ళ వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవాడు. తరువాత పొలం పనులు, పెళ్ళి, పిల్లలు. చదువంతా ఎటో కొట్టుకుపోయింది, దీర్ఘం మాత్రం మిగిలింది. పెళ్ళి పత్రికలో గానీ, కిరాణా కొట్టు గోడ మీద గానీ ఒక దీర్ఘం తక్కువైతే నా కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. చేతిలో పెన్ను ఉంటే పెట్టేసి గానీ కదలను. అడిగి పెట్టే అలవాటు లేదు.

ఆ అలవాటు వల్ల ఒక పెద్ద బండికి కడుపు బిగుసుకుపోయింది. ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. కొత్తగా పనుల్లో చేరుతున్న పిల్లలకు చెప్పదగ్గ సంగతి నా దగ్గర ఇదొక్కటే ఉంది. చదవండి. అన్నం తింటూ మాత్రం చదవకండి.

నాచారం ఫ్యాక్టరీల మధ్య ఒక రేకుల షెడ్డులో నేను చివరి ఏడేళ్ళు పనిచేశాను. అంతకుముందు అక్కడికి దగ్గర్లోనే బిస్కెట్ల ప్యాకింగులో నిలబడి నిలబడి మోకాళ్ళు వాచిపోతే, కూర్చుని చేసే పని అని ఎవరో చెబితే ఇందులో చేరాను. కూర్చున్నది ఎన్నడూ లేదు. ఆ షెడ్డులో క్యారవాన్లు ఉండేవి. అంటే లోపల మంచం, పెద్ద అద్దం, ఏసీ, బాత్రూము అన్నీ అమర్చిన ఇల్లులాంటి బస్సులు. షూటింగులకూ పెళ్ళిళ్ళకూ కిరాయికి పోతాయి. ఒక్కో బండికి ఒక డ్రైవరు, లోపల శుభ్రం చేయడానికి ఒక మనిషి. మా బండికి ఆ మనిషిని నేను.

నేను వృథా సహించను. సబ్బు బిళ్ళను రెండు ముక్కలు కోసి ఒక ముక్కే బయట పెట్టేదాన్ని. అరిగిపోయిన ముక్కలన్నీ పాత మేజోడులో వేసి ముడి కట్టి నేల తుడవడానికి వాడేదాన్ని. మేకప్పు వేసుకునే ఆడపిల్లలు బుగ్గ తుడుచుకోవడానికి కాగితాలు గుంజి గుంజి పారేస్తుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. ఊరికే చూస్తే చాలు, వాళ్ళు రెండోది గుంజేవాళ్ళు కాదు. ఒక నటి బయటికి వెళ్ళి అడిగిందట, ‘‘లోపలున్న ఆ ముసలావిడ ఎవరి తరఫు?’’ అని.

మా డ్రైవరుకు నలభై దాటి ఉంటాయి. జనగామ పక్క నుంచి వచ్చాడు, రామంతాపూర్‌లో భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు. ఎంత ఇరుకు గల్లీలోనైనా అంత పెద్ద బండిని పిల్లిలా వెనక్కి నడిపేవాడు. ఆయనకు ఒకటే లోటు, చదువు రాదు. ఏడో తరగతి పాసయ్యానని సారుకు చెప్పి చేరాడు. సారు అంటే మా ఓనరు. ఈ లోటు సంగతి నా ఒక్కదానికే తెలుసు. దారిలో బోర్డులు, ఫోనులో వచ్చిన అడ్రసులు నేనే చదివి చెప్పేదాన్ని. ‘‘అవ్వా, నువ్వుంటే నాకు కండ్లద్దాలు ఉన్నట్టే’’ అనేవాడు. నిజం చెప్పాలంటే నాకది గర్వంగా ఉండేది. మూడో తరగతి చదువుకు అంత మర్యాద ఇంకెక్కడా దొరకలేదు.

ఒక ఎండాకాలం చివర్లో సారు కొత్త బండి తెచ్చాడు. ఉప్పల్ నుంచి ఒక మెకానిక్ వచ్చి దాని మర్మాలు మా ఇద్దరికీ చెప్పాడు. ఆయనది గోదావరి జిల్లా, ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే మాకు బోధ చేశాడు.

‘‘మామ్మగారూ, ఇదిగో చూడండి, ఈ చిన్న తలుపు తీస్తే రెండు పిడులుంటాయి. ఇదొక వాల్వు, అదొక వాల్వు. ఏం చెయ్యాలో రాసి పెడతానండి, రోజూ చూసుకోండి, అంతే.’’

అని ఒక అట్టముక్క మీద ఎర్ర మార్కరుతో రెండు వాక్యాలు రాసి ఆ చిన్న తలుపు లోపలి వైపు అంటించి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఇవీ ఆ రెండు వాక్యాలు:

నల్ల ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసి ఉంచాలి.
నిండిన తరువాతే తెరవాలి.

నేను చదివాను. చదవగానే కంట్లో నలుసు పడింది. మా దిక్కు నల్లా అంటే నీళ్ళు వచ్చే పంపు. నల్లా నీళ్ళు, నల్లా బిల్లు, నల్లా వచ్చిందా అని పొద్దున లేస్తే అనుకునే మాట. అంత చదువుకున్న మెకానిక్కు నల్లాకు దీర్ఘం రాదా అని జాలిపడ్డాను. కొంగున గుచ్చుకున్న నీలం పెన్ను తీసి ‘ల్ల’కు శుభ్రంగా దీర్ఘం పెట్టాను. వెనక్కి జరిగి చూసుకున్నాను. బాగుంది.

‘‘ఏమున్నదవ్వా అండ్ల?’’ అన్నాడు డ్రైవరు.

‘‘నల్లా ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసి ఉంచాలన్నడు బిడ్డా. నిండినంకనే తెరవాల్నట. నీళ్ళు ఆగం జేయొద్దని. మంచి మనిషి, పొదుపు తెలిసినోడు.’’

ఆ మెకానిక్ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఇన్నాళ్ళకు నాలాంటి మనిషి ఒకడు దొరికాడనుకున్నాను. ఆ రోజు నుంచి మేము అట్ట చెప్పినట్టే నడిచాము. పొద్దున నీళ్ళ ట్యాంకు నింపడం, వాల్వు తెరిచి రెండు బకెట్లు పట్టుకోవడం, మళ్ళీ మూసెయ్యడం. బాత్రూములో మీట నొక్కితే నీళ్ళు రావు. ఎవరు లోపలికి వెళ్ళినా నేను ఒక మగ్గు నీళ్ళు చేతికిచ్చేదాన్ని. ఒకే మగ్గు. రెండో మగ్గు అడిగినవాళ్ళకు రెండు బకెట్లూ చూపించి, ఇవి సాయంత్రం దాకా రావాలని చెప్పేదాన్ని. మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఇక బాత్రూము కింది ట్యాంకుకున్న రెండో పిడి సంగతి అట్ట మీద లేదు కాబట్టి దాన్ని మేము ముట్టుకోలేదు. అది వచ్చినప్పటి నుంచీ తెరిచే ఉంది. బండి నడిచేటప్పుడు కింద పైపు చివర మూత బిగించేవాళ్ళం. ఎక్కడైనా ఆగితే మూత తీసి, పైపును డ్రైనేజీ గుంతకు తగిలించేవాళ్ళం. నీళ్ళు కారిపోతూనే ఉండేవి. ట్యాంకు ఎన్నడూ నిండే బాధ లేదు, ఎంత సుఖమైన బండి అనుకున్నాము.

మూడు వారాలు గడిచాయి.

ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి నేను బాత్రూము కడగడానికి పోతే, పోసిన మగ్గు నీళ్ళు కిందికి దిగలేదు. పైకి వచ్చాయి. ఒంటరిగా రాలేదు. నేను మూత పెట్టి, ముక్కుకు కొంగు కట్టుకుని, డ్రైవరును పిలిచాను. ఆయన కిందికి వంగి పైపు చూశాడు. చుక్క రావడం లేదు. పిడిని లోపలికి తోశాడు, బయటికి లాగాడు. ఎంతకీ దిగలేదు, లోపల ఏదో సిమెంటులా అడ్డం కూర్చుంది.

ఆ రోజే సాయంత్రం ఐదింటికి సైనిక్‌పురిలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురు అలంకరణ మా బండిలోనే. నాలుగింటికి బండి షెడ్డు దాటాలి.

సారుకు కబురు చేస్తే కారులో వచ్చాడు గానీ కారు దిగలేదు. అద్దం రెండు వేళ్ళంత దించి, ఆ సందులోంచి మాట్లాడాడు. అప్పటికే మెకానిక్కుతో ఫోనులో మాట్లాడి వచ్చాడు.

‘‘ఏమయ్యా, కింది వాల్వు మూసి పెట్టాలెనట గదా. తెరిచి పెడితే నీళ్ళన్నీ కారిపోయి అసలుది అండ్లనే గడ్డ కట్టిందట. అట్ట మీద రాసింది రోజూ చదువుతున్నవా లేదా?’’

‘‘చదువుతున్న సార్’’ అన్నాడు డ్రైవరు నేల చూపులు చూస్తూ.

‘‘చదివితే గిట్లెందుకైతది? కొత్త బండి మూడు వారాలల్ల ఖరాబ్ జేసినవ్. ఆ మెకానిక్ వస్తున్నడు, ఆయనతోటి కలిసి సాఫ్ చెయ్యి. నాలుగింటికి తాళంచెవి నా చేతిల పెట్టి ఇంటికి పో. సైనిక్‌పురికి బండి ఇంకొకరు తోల్తరు. రేపటి సంది నువ్వు రాకు.’’

అద్దం పైకి లేచింది. కారు వెళ్ళి షెడ్డు అవతలి చివర, గాలి వీచే వైపు ఆగింది.

నేను ఊరుకోలేదు. అప్పటికి నాకేం తెలుసు? నేను కూడా డ్రైవరుకు నాలుగు మాటలు తగిలించాను. ‘‘రోజూ పొద్దున గొంతు చించుకుని చదివిన గదా బిడ్డా. ఇంకెట్ల చదవాలె నీకు?’’

‘‘నువ్వు చదివినట్టే జేసిన గదా అవ్వా. నల్లాది మూసినమా లేదా? ఈ రెండోదాని సంగతి అండ్ల ఉన్నదా?’’

‘‘లేదు.’’

‘‘మరి?’’

ఈ మాట ఆయన సారు ముందు ఎందుకు అనలేదో నాకు తెలుసు. అంటే సారు ‘‘నువ్వెందుకు చదవలేదు?’’ అంటాడు. అప్పుడు ఏడో తరగతి బయటపడుతుంది.

ఈలోపు షెడ్డులో పక్క బండ్లవాళ్ళు వైద్యాలు మొదలుపెట్టారు. ఒకాయన వెదురు బొంగు తెచ్చాడు. దాన్ని పైనుంచి దించి పొడిస్తే దిగినంత మేర బొంగుకు అంటుకుంది గానీ లోపల కదలిక లేదు. ఇంకొకాయన యాసిడ్ సీసా తెచ్చాడు. అప్పుడే వచ్చిన మెకానిక్ స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు.

‘‘బాబోయ్, యాసిడ్ వద్దండీ! లోపల రబ్బరంతా కరిగిపోద్ది. అప్పుడు వాల్వు మూసినా కారుద్ది, తెరిచినా కారుద్ది.’’ తరువాత నా వైపు తిరిగాడు. ‘‘మామ్మగారూ, ఎవరైనా వెళ్ళొచ్చాక లోపల నీళ్ళు ఎన్ని పోస్తున్నారండి?’’

‘‘ఒక మగ్గు’’ అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

‘‘ఒక మగ్గా! మీటకు ఏమైందండి?’’

‘‘మీట కాడికి నీళ్ళెట్ల వస్తయి? నువ్వే గదా నల్లా ట్యాంకు మూసి పెట్టుమన్నవ్.’’

‘‘నీళ్ళ ట్యాంకు మూయమని నేనెందుకంటానండి? నల్ల ట్యాంకు మూయమన్నాను.’’

‘‘అదే గదా, నల్లా.’’

‘‘నల్ల అంటే నలుపండీ! బ్లాక్! ఈ బండి కంపెనీ పుస్తకంలో దొడ్డి తాలూకు ట్యాంకును బ్లాక్ ట్యాంకు అంటారు. దాన్నే తెలుగులో రాశాను. నలుపు, నల్ల.’’

మెకానిక్ గబగబా వెళ్ళి చిన్న తలుపు తెరిచి అట్ట చూశాడు. చాలాసేపు చూశాడు.

‘‘ఇదేంటి, ఇక్కడ దీర్ఘం ఉంది. నేను పెట్టలేదే. నాది ఎర్ర మార్కరు, ఇది నీలం పెన్ను.’’

ఆయన చూపు మెల్లగా అట్ట మీద నుంచి నా కొంగుకు గుచ్చి ఉన్న నీలం పెన్ను మీదికి వచ్చింది. పిల్లలూ, నేను జీవితంలో ఎందరినో చూపుతోనే ఆపిన మనిషిని. ఆ రోజు చూపు తిప్పుకున్నాను.

‘‘ముందు పని చూడు నాయనా, టైమైతున్నది’’ అన్నాను.

చెప్పి ఉండవలసింది. అప్పుడే సారు కారు దగ్గరికి నడిచి ఒక్క మాట చెప్పి ఉండవలసింది. నలభై అడుగుల దూరం. కానీ మూడు వారాలుగా అందరికీ చదువు గురించి, శ్రద్ధ గురించి పాఠాలు చెప్పిన నోరు అది. తెరుచుకోలేదు. ఆ బండి ట్యాంకూ నేనూ ఆ ఘడియకు ఒకే స్థితిలో ఉన్నాము.

మెకానిక్ చెప్పిన వైద్యం ఇది. కింది వాల్వు మూసెయ్యాలి. ట్యాంకులోకి గోరువెచ్చని నీళ్ళు పోయాలి, మరిగేవి కాదు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు దండిగా కలపాలి. కొంతసేపు నాననివ్వాలి. తరువాత మంచుగడ్డలు వేసి, కరిగేలోపు బండిని గతుకుల రోడ్డు మీద తిప్పాలి. లోపల గడ్డలు అటూ ఇటూ కొట్టుకుని బిగిసినదాన్ని కదిలిస్తాయి.

నేను కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచాను. బకెట్ల లెక్కన పోశాను. మగ్గుతో కాదు. సబ్బునీళ్ళు పోసేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ చెంచాడు దగ్గర ఆగింది.

‘‘సీసా మొత్తం పొయ్యండి మామ్మగారూ’’ అన్నాడు మెకానిక్.

‘‘మొత్తమా?’’

‘‘మొత్తం.’’

కళ్ళు మూసుకుని పోశాను.

చెరుకురసం బండ్లకు మంచు వేసే మనిషి దగ్గర రెండు దిమ్మలు తెచ్చి గోనెసంచిలో పెట్టి బండరాయితో కొట్టి, ఆ ముక్కలు కూడా లోపలికి జారవిడిచాము. ఒంటిగంట దాటింది. మెకానిక్ షెడ్డులోనే పైపులు సరిచేస్తూ ఉండిపోయాడు. డ్రైవరు బండి తీశాడు. నేను పక్కన కూర్చున్నాను.

ఆ మనిషి తన జన్మలో గుంతను తప్పించడమే నేర్చుకున్నాడు. ఆ రోజు గుంతల కోసం వెతికాము. మాకు అవసరమైన రోజే నాచారం రోడ్డు మీద ఎవరో కొత్త తారు పోసి అద్దంలా పెట్టారు. ‘‘పాడుగాను, ఎప్పుడేసిన్రవ్వా దీన్ని? నిన్నటిదాంక నడుము ఇరగగొట్టే రోడ్డు’’ అని డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు పోతే అక్కడ దొరికాయి. ఒక్కో గుంతలో పడినప్పుడల్లా వెనక నుంచి గుళక్కుమని శబ్దం. మేమిద్దరం చెవులు రిక్కించి వినేవాళ్ళం.

‘‘కదిలిందంటవా?’’

‘‘ఇంకొక్కటి ఎక్కియ్యి బిడ్డా.’’

రెండోసారి ఉప్పల్ దాకా పోయి తిరిగి వచ్చేటప్పుడు, మా చిల్కానగర్‌లో స్పీడు బ్రేకర్లు బాగా ఎత్తుగా ఉంటాయని నేనే దారి చెప్పాను. అది తప్పు. మా ఇంటి పక్కావిడ కూరగాయల బండి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తి ఆపింది.

‘‘అవ్వా! సిన్మా బండిల తిరుగుతున్నవా! జర లోపలికెక్కి సూసొస్తనే. బాత్రూమ్ గూడ ఉంటదంట గదా!’’

నేను నోరు తెరిచేలోపే డ్రైవరు అన్నాడు, ‘‘వద్దక్కా, లోపట హీరోయిన్ ఉన్నది. మూడు వారాల సంది బయటికొస్తలేదు.’’

అని బండి ముందుకు ఉరికించాడు. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నేను నవ్వకూడదనుకున్నాను. నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే, ఎట్లా బయటపడిందో తెలియదు, చెప్పేశాను.

‘‘బిడ్డా, తప్పు నీది గాదు. అట్ట మీద నల్ల అనే ఉండె. నేను దీర్ఘం పెట్టి నల్లా జేసిన.’’

ఆయన బండి పక్కకు ఆపాడు. ‘‘దీర్ఘమంటే?’’

‘‘ఒక గీత.’’

‘‘ఎంత గీత?’’

నేను వేలి గోరు చూపించాను. ఆయన ఆ గోరు వైపు చూశాడు, వెనక ట్యాంకు వైపు తల తిప్పి చూశాడు.

‘‘గింత గీతకు గంత పనైందా!’’

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మెల్లగా అన్నాడు, ‘‘సారుకు చెప్పకవ్వా. నువ్వు చదివితే నేనిన్న అని తెలిస్తే, నాకు అక్షరం రాదన్నది గూడ తెలుస్తది. నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. మా పోరగాండ్లకు గూడ నేను ఏడో తరగతనే చెప్పిన.’’

మూడో తరగతి వరకు చదివిన బుర్రను షెడ్డు చేరేదాకా పనిలో పెట్టాను.

మూడుంబావుకు షెడ్డు చేరాము. వెనక గేటు దగ్గరున్న డ్రైనేజీ గుంతకు పైపు తగిలించి, మెకానిక్ పిడి మీద చెయ్యి వేశాడు. అందరూ దూరంగా జరిగారు. నేను బండి పక్కకు చెవి ఆనించి నిలబడ్డాను. లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ మూసి, మళ్ళీ లాగాడు. లోపల ఎక్కడో పిల్లి గొణిగినట్టు వినిపించింది. తరువాత గుడగుడమంది. ఆ పైన ఒక్కసారిగా పైపు పాములా లేచి కొట్టుకుంది, అంతా దిగిపోయింది. నేను ఆసుపత్రి గుమ్మాల ముందు అప్పుడే పుట్టిన పిల్లల తొలి ఏడుపు విని సంతోషపడిన దాన్ని. అదే జాతి సంతోషం అది. సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను. ఇంకో రెండుసార్లు నిండా నీళ్ళు పోసి వదిలాము. మూడోసారికి తేటగా వచ్చాయి.

నాలుగుకు ఐదు నిమిషాలు ఉండగా సారు కారు దిగి వచ్చాడు. గాలి పీల్చి చూసి తల ఊపాడు. డ్రైవరు ముందు చెయ్యి చాపాడు.

‘‘తాళంచెవి.’’

డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఇద్దరి మధ్యకు వచ్చాను.

‘‘సారూ, ఒక్క మాట. అట్ట మీద తప్పు రాసింది నేను. మెకానిక్ సాబు నల్ల అని రాసిండు, నేను దాన్ని నల్లా అని దిద్దిన. ఈయన అట్ట మీద ఏమున్నదో అదే చదివిండు, అదే జేసిండు. చదువుట్ల తప్పు లేదు, రాతల ఉన్నది. పంపిస్తే నన్ను పంపియ్యిన్రి.’’

అని చేతిలోని చీపురు సారు కాళ్ళ దగ్గర పెట్టాను. నా దగ్గర తాళంచెవి లేదు మరి. డ్రైవరు నా వైపు చూశాడు. ‘అదే చదివిండు’ అన్న మాట ఆయన చెవిలో ఎక్కడ పడిందో నాకు కనిపించింది.

సారు చిన్న తలుపు తెరిచి అట్ట చదివాడు. మెకానిక్ పక్కన నిలబడి, ‘‘ఎరుపు నాదండి, నీలం మామ్మగారిదండి’’ అని సాక్ష్యం చెప్పాడు. అడగలేదు ఆయన్ని ఎవరూ.

‘‘నీకెవరు పెట్టుమన్నరమ్మా దీర్ఘం?’’ అన్నాడు సారు.

‘‘మా పంతులు, సారు.’’

‘‘యాడున్నడు మీ పంతులు?’’

‘‘పోయి నలభై ఏండ్లైంది.’’

సారు మొహం గట్టిగానే పెట్టాలని చూశాడు. పెదవి ఒక పక్క ఆయన మాట వినలేదు. చీపురు కాలితో నా వైపు జరిపాడు.

‘‘తీసుకోమ్మా. ఇద్దరూ పోయి పెండ్లి చూస్కోన్రి. కానీ ఇయ్యాల్టి సంది నువ్వు ఈ షెడ్డుల పెన్ను ముట్టొద్దు.’’ అని నా కొంగు నుంచి పెన్ను లాగి డ్రైవరు జేబులో పెట్టాడు. ‘‘కొత్త అట్ట నువ్వే రాయి. రేపు పొద్దుగాల్ల నాకు కనపడాలె.’’

ఉద్యోగం ఇచ్చి, అదే నోటితో పరీక్ష పెట్టాడు సారు.

సైనిక్‌పురిలో పెళ్ళికూతురు బండిలో ముస్తాబవుతున్నంత సేపూ, కావలసినన్ని నీళ్ళు వాడుకుంటున్నంత సేపూ, మేమిద్దరం బండి నీడలో కూర్చున్నాము. పెన్ను ముట్టొద్దన్నాడు, చీపురుపుల్ల ముట్టొద్దనలేదు. నేను పుల్లతో మట్టిలో రాయడం, ఆయన చూసి అట్ట మీద దించడం. ముందు ఏ మాట రాయాలన్న దగ్గరే ఆగాము. నల్ల వద్దు. దొడ్డి ట్యాంకు అని రాద్దామంటే, మెకానిక్ ఫోనులో, ‘‘మావైపు దొడ్డంటే పెరడు కూడానండి, రేపు ఇంకో మెకానిక్ వచ్చి పెరట్లో వెతుకుతాడు’’ అన్నాడు. చివరికి ఏ ఊళ్ళోనైనా, ఏ కులంలోనైనా, పసిపిల్లవాడికైనా ఒకేలా అర్థమయ్యే మాట నేనే మట్టిలో రాశాను. పియ్యి ట్యాంకు.

ఆయన నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం గేరు మార్చినంత జాగ్రత్తగా దించాడు. మధ్యలో తలెత్తి అడిగాడు.

‘‘దీనికి దీర్ఘం ఉంటదా అవ్వా?’’

‘‘ఉండదు. ఇది ఎంత పొట్టిగుంటే అంత మంచిది.’’

మరుసటి రోజు సారు ఆ అట్ట చదివి, చుట్టూ చూసి, ‘‘ఇంకో మాట దొరకలేదా’’ అన్నాడు. ఆయనే తలుపు మూశాడు. నేను పని మానే రోజు వరకూ ఆ అట్ట అక్కడే ఉంది, ఆ వాల్వు మూసే ఉంది. మీట నొక్కితే నీళ్ళు ధారాళంగా వచ్చేవి. ఆ శబ్దం వినిపించినప్పుడల్లా నా గుండె మాత్రం ఒక మగ్గు దగ్గరే ఆగేది.

అటు తరువాత ఖాళీ దొరికినప్పుడల్లా డ్రైవరు అక్షరాలు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఫోనులో అడ్రసులు తనే చదువుకుంటాడు, కూతుళ్ళ పుస్తకాలు కూడా. ఈ సంగతి రాయడానికి ఆయన్ని అడిగే రాస్తున్నాను.

నేను మానేసే ముందు నెలలో ఇద్దరం బండిలో ఉప్పల్ దిక్కు పోతున్నాము. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్కనే ఒక చిన్న అమ్మవారి గుడి, పైన పసుపు రంగు మీద పెద్ద అక్షరాలు. డ్రైవరు మెడ చాచి, కూడబలుక్కుని చదివాడు. ‘‘న...ల్ల... పో...చ...మ్మ.’’ జేబులోంచి పెన్ను తీశాడు. బండి తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు.

‘‘అవ్వా, గీడ దీర్ఘం మర్చిపోయిన్రు.’’

మొహంలో నవ్వన్నది లేదు. నేను రెండు చేతులా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

‘‘వద్దు బిడ్డా! ఆ తల్లిని నల్లగనే ఉండనియ్యి.’’